డైరెక్టరీలు మార్చినవారే బ్రాంచిలను దాటించాలి

ప్రాజెక్టులో ఫోల్డర్లు సర్దినవారికి మంచి పేరు వస్తుంది. చిందరవందరగా పడి ఉన్న కోడ్‌ను ఒక తీరుకు తెచ్చారని అందరూ మెచ్చుకుంటారు. అదే సమయంలో వేరే బ్రాంచిలో, అంటే కోడ్‌కు విడిగా తీసుకున్న పాయలో, పని చేసుకుంటూ, కొన్ని వారాల తర్వాత దాన్ని తెచ్చి అందరికీ ఉమ్మడి అయిన మెయిన్ బ్రాంచిలో కలపబోయినవారికి (మెర్జ్ చేయబోయినవారికి) మాత్రం దక్కేవి చీవాట్లు. "ఇన్నాళ్లు ఎందుకు ఆగావు? ఎప్పటికప్పుడు మెర్జ్ చేసుకోవాల్సింది కదా" అంటారు. వెనక వచ్చినవారే చిక్కులు విప్పుకోవాలన్నది మన వృత్తిలో ఎవరూ రాయకుండానే చట్టమైపోయింది. మామూలు మార్పుల విషయంలో ఆ చట్టంతో నాకు పేచీ లేదు. ఒకే ఫంక్షన్‌ను ఇద్దరు దిద్దితే, వెనక వచ్చినవారు రెండూ చదివి కలపడం సబబే. డైరెక్టరీల, అంటే ఫోల్డర్ల, అమరిక మార్చినప్పుడు మాత్రం అది అన్యాయం. అన్యాయం సంగతి అలా ఉంచినా, ప్రమాదం. అమరిక మార్చినవారే, ఆ రోజుకు తెరిచి ఉన్న ప్రతి బ్రాంచినీ కొత్త అమరికలోకి దాటించాలి. ఏది ఎక్కడికి ఎందుకు వెళ్లిందో వారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచిపెట్టే వెర్షన్ కంట్రోల్ సాధనానికి అసలే తెలియదు.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో మా పని చెబితే అర్థమవుతుంది. మేము కాకినాడలో కూర్చొని రైస్ మిల్లులకు, ధాన్యం కమిషన్ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. లారీ కాటా ఎక్కిన దగ్గర నుంచి రైతు చేతికి చీటీ వెళ్లేదాకా లెక్కంతా అందులోనే నడుస్తుంది. గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. తేమ 17 శాతం దాటితే తరుగు లెక్క వేరు. హమాలీ కూలి ఒక్కో మండలంలో ఒక్కో రకంగా ఉంటుంది, కిరాయి మిల్లు దూరాన్ని బట్టి మారుతుంది. ఈ వివరాలు మండలానికి ఒక ఫైలు చొప్పున పెట్టాం. ఆ ఫైళ్లను జిల్లా పేరున్న డైరెక్టరీల్లో ఉంచాం. ఏ మండలం ఏ జిల్లాదో ఫైలు లోపల ఎక్కడా రాయలేదు. ఏ డైరెక్టరీలో ఉంటే ఆ జిల్లాదే.

ఇది మా ఒక్కరి అలవాటు కాదు. జావా భాషలో ప్యాకేజీ (కోడ్ గుంపు) పేరుకూ డైరెక్టరీకీ ముడి ఉంటుంది. పైథాన్‌లో ఫైలు ఎక్కడుందో దాన్ని బట్టే దాని మాడ్యూల్ పేరు ఏర్పడుతుంది. టెస్టులు నడిపే ప్రోగ్రాము తనకు చెప్పిన ఫోల్డర్లలోనే టెస్టుల కోసం వెతుకుతుంది. అంటే కోడ్‌లో చోటు కూడా అర్థంలో భాగమే.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త జిల్లాల ముసాయిదా ప్రకటించింది. ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మా కోడ్‌కు ఇది మామూలు మార్పు కాదు. పాత తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ విడిపోయాయి. రంపచోడవరం వైపు మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది. పశ్చిమ గోదావరిలో ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పులోకి వచ్చాయి. ఏలూరు వేరే జిల్లా అయింది. ఇంత జరిగినా తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అన్న పేర్లు పోలేదు. ఒకటి రాజమహేంద్రవరం కేంద్రంగా, మరొకటి భీమవరం కేంద్రంగా మిగిలాయి. 1925 నుంచి వాడుకలో ఉన్న పేర్లు అవే, వాటి కిందికి వచ్చే ఊళ్లు మాత్రం వేరు. సాఫ్ట్‌వేర్‌లో డైరెక్టరీలు మార్చేటప్పుడు ఎదురయ్యే అతి కష్టమైన పరిస్థితి ఇదే: పాత పేరు బతికే ఉంటుంది, దాని అర్థం మారిపోతుంది.

ఏప్రిల్ అంటే డెల్టాలో దాళ్వా (రబీ వరి) కోతల కాలం. దాళ్వా లెక్కల కోసం ఫిబ్రవరిలోనే ఒక బ్రాంచి తెరిచాం. భీమవరంలో మిల్లుల చుట్టూ తిరిగే మా సహోద్యోగి ఒకరు దాని మీద పని చేశారు. ఆ బ్రాంచిలో ఆత్రేయపురం మండలానికి ఆమె కొత్తగా ఒక ఫైలు రాశారు. అంతకుముందు ఆ మండలంలో మాకు ఖాతాదారులు లేరు కాబట్టి ఫైలూ లేదు. దాన్ని తూర్పు గోదావరి డైరెక్టరీలో పెట్టారు. ఆ రోజున ఆత్రేయపురం ఉన్నది తూర్పు గోదావరిలోనే. ఆమె పనిలో వంక పెట్టడానికేమీ లేదు.

ఈలోగా మెయిన్ బ్రాంచిలో జిల్లాల సర్దుబాటు జరిగింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట, రావులపాలెం వంటి ఫైళ్లు కోనసీమ డైరెక్టరీలోకి వెళ్లాయి. ఏప్రిల్‌లో దాళ్వా బ్రాంచిని తెచ్చి కలిపారు. ఒక్క కాన్ఫ్లిక్టు, అంటే సాధనం తనంతట తేల్చలేక మనకు వదిలే చిక్కు, రాలేదు. పాత ఫైళ్లలో ఆమె దిద్దిన హమాలీ రేట్లన్నీ కొత్త చోటికి వెళ్లిన ఫైళ్లలోకి చక్కగా చేరాయి. టెస్టులన్నీ పాసయ్యాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

కొన్నాళ్లకు ఒక మిల్లు గుమస్తా ఫోను చేశారు. "సార్, ఆత్రేయపురం ఇప్పుడు మన కోనసీమే కదండీ? చీటీలో తూర్పు గోదావరి అని వస్తోంది." కాటా దగ్గర చిన్న ప్రింటరు నుంచి వచ్చే చీటీ అది. మిల్లు పేరు, లారీ నంబరు, బస్తాలు, తేమ, తరుగు, చివర్లో ఊరు, మండలం, జిల్లా. ఆ చివరి వరుసను అన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోరు కూడా. ఆత్రేయపురం, జిల్లా తూర్పు గోదావరి అని చదివితే డెల్టాలో పుట్టి పెరిగిన ఏ కంటికీ తప్పుగా అనిపించదు. పెళ్లి శుభలేఖల మీద, ఉత్తరాల మీద జీవితమంతా అలాగే చూశాం. యంత్రం చూడలేదు, మనిషి కన్నూ చూడలేదు. మా జిల్లావారీ నివేదికల్లో మాత్రం ఆ మండలం ధాన్యం మరో జిల్లా ఖాతాలో పడుతూ వచ్చింది.

ఇక్కడ మేము వాడే వెర్షన్ కంట్రోల్ సాధనం గిట్ ఏం చేసిందో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే "గిట్ రీనేమ్‌లు (ఫైలు పేరు, చోటు మార్పులు) తనంతట తనే పట్టుకుంటుంది" అనే ధీమా చాలామందిలో చూస్తున్నాను.

గిట్ దేన్నీ "ఈ ఫైలు అక్కడికి మారింది" అని రాసిపెట్టుకోదు. ఫైలును జరపడానికి గిట్ ఎంవీ ఆదేశం ఇచ్చినా అంతే. పాతచోట ఫైలు తీసేసి కొత్తచోట పెట్టడంతో సమానం. మెర్జ్ చేసే సమయంలో, మాయమైన ఫైళ్లనూ కొత్తగా పుట్టిన ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి, లోపలి పాఠం ఎంత కలుస్తోందో లెక్కగడుతుంది. మనం మార్చకపోతే 50 శాతం పోలిక ఉంటే చాలు, ఇది అదే ఫైలు అని నిర్ణయించుకుంటుంది. అది ఊహ. చాలాసార్లు సరైన ఊహే, కానీ ఊహే.

ఫైళ్ల సంగతి అది. పాత డైరెక్టరీలోకి అవతలి బ్రాంచిలో కొత్తగా వచ్చిన ఫైలు సంగతి వేరు. దానికి జత వెతకడానికి పాత రూపమే లేదు. అందుకని 2018లో వచ్చిన 2.18 వెర్షన్ నుంచి గిట్ డైరెక్టరీల మార్పును కూడా ఊహించడం మొదలుపెట్టింది. ఒక డైరెక్టరీలోని ఫైళ్లు చాలావరకు ఫలానా కొత్త డైరెక్టరీకి వెళ్లాయని గమనిస్తే, అవతలి బ్రాంచి పాతచోట చేర్చిన కొత్త ఫైలునూ అటే పంపాలని చూస్తుంది. 2019 నుంచి దాన్ని నిశ్శబ్దంగా చేయకుండా, కాన్ఫ్లిక్టుగా చూపించి మనల్ని అడగడం అలవాటు చేసుకుంది. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. కానీ దానికి ఒక షరతు ఉంది. పాత డైరెక్టరీ ఒక వైపు పూర్తిగా ఖాళీ అయి మాయమై ఉండాలి. ఒక్క ఫైలు అక్కడ మిగిలినా, డైరెక్టరీ మారలేదనే అనుకుంటుంది.

మా తూర్పు గోదావరి డైరెక్టరీ మాయం కాలేదు. రాజానగరం, అనపర్తి అక్కడే ఉన్నాయి. పైగా కొవ్వూరు, నిడదవోలు కొత్తగా వచ్చి చేరాయి. కాబట్టి గిట్ తన నియమం ప్రకారం నడుచుకుంది, ఆత్రేయపురాన్ని ఉన్నచోటే ఉంచింది. ఇందులో గిట్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. డైరెక్టరీ అలాగే ఉంది, కొత్త ఫైలు అందులోకి వచ్చింది, అడ్డేముంది?

వేరే సాధనం అయితే పట్టుకునేదా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతికితే నా వాదన ఇంకా బలపడింది. సీవీఎస్ అనే పాత సాధనం రోజుల్లో డైరెక్టరీలకు చరిత్రే ఉండేది కాదు. ఫైలు పేరు మార్చాలంటే పాతది తీసేసి కొత్తది చేర్చాలి, లేదా సర్వర్‌లోకి వెళ్లి చరిత్ర ఫైలునే చేత్తో జరపాలి. అందుకని జనం అసలు మార్చడమే మానేశారు. 2004లో వచ్చిన సబ్‌వర్షన్ 1.0 డైరెక్టరీలకు చరిత్ర ఇచ్చింది గానీ, మార్పు అంటే దానికీ నకలు తీసి పాతది చెరపడమే. ఒక వైపు జరిపిన ఫైలును మరో వైపు దిద్దితే, ఆ దిద్దుబాటుకు గమ్యం దొరక్క, దాటవేశానని ఒక వరుస ముద్రించి ముందుకు పోయేది. వందల వరుసల మధ్య ఆ ఒక్కటి ఎవరి కంట పడుతుంది? 2009లో వచ్చిన 1.6 నుంచి దాన్ని ట్రీ కాన్ఫ్లిక్ట్ అని పట్టి చూపించసాగింది.

మెర్క్యురియల్ అనే సాధనం రీనేమ్‌ను కమిట్‌లోనే, అంటే ఒక్కో విడత మార్పులను భద్రపరిచే నమోదులోనే, రాసుకుంటుంది. బజార్ మరో అడుగు ముందుకు వేసి ప్రతి ఫైలుకూ, ప్రతి డైరెక్టరీకీ పేరుతో సంబంధం లేని ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చింది. డైరెక్టరీ పేరు మార్చినా గుర్తింపు అదే కాబట్టి, అవతల చేర్చిన కొత్త ఫైలు దాని వెంటే వెళ్లేది. అందమైన ఆలోచన అది. గిట్ ఊహించి చేసేదాన్ని బజార్ తెలిసి చేసేది. ఆ సాధనం వెనకబడిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. అయినా మా ఆత్రేయపురాన్ని అదీ కాపాడలేదు. తూర్పు గోదావరి డైరెక్టరీ గుర్తింపు మారలేదు కదా! కొన్ని ఫైళ్లు అందులోంచి బయటికి వెళ్లాయి, అంతే. ఆత్రేయపురం కూడా వెళ్లాలని చెప్పేది గెజిట్, అది చదివినవారు. కోడ్, దాని చరిత్ర ఉండే ఏ రిపాజిటరీలోనూ ఆ సమాచారం లేదు.

అందుకే రీనేమ్‌లను రాసిపెట్టాలా, ఊహించాలా అన్న పాత వాదంలో నేను పూర్తిగా ఏ పక్షమూ కాదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ రాస్తున్నప్పుడే రీనేమ్‌లను రాసిపెట్టడాన్ని వ్యతిరేకించారు. కోడ్ ఫైళ్లుగానే కదలదు, ఒక ఫంక్షన్ ఒక ఫైలు నుంచి మరోదానికి పోతుంది, ఒక ఫైలు మూడు ముక్కలవుతుంది, ఫైలు పేర్లను మాత్రమే వెంటాడితే అసలు కదలిక దొరకదన్నది ఆయన వాదన సారం. అందులో నిజముంది. కాకపోతే దాని నుంచి మనవాళ్లు లాగిన తీర్మానం తప్పు. సాధనం రాసుకోనంత మాత్రాన మనుషులు కూడా రాసుకోనక్కర్లేదని ఎవరూ అనలేదు.

ఊహ ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకోవడం కూడా మార్చినవారి బాధ్యతే. చిన్న ఫైళ్లు మొదటి ప్రమాదం. పది వరుసల జావా ఫైలును వేరే ప్యాకేజీకి జరిపితే, ప్యాకేజీ వరుస మారుతుంది, వేరే ఫైళ్లను పిలిచే ఇంపోర్ట్ వరుసలు నాలుగైదు మారతాయి, పోలిక సగం కంటే కిందికి జారుతుంది. అప్పుడు గిట్ ఒకటి పోయింది, వేరొకటి వచ్చింది అంటుంది. అవతలి బ్రాంచి దిద్దుబాటు చెరిపిన ఫైలు మీద పడి కాన్ఫ్లిక్టవుతుంది. అది కనీసం కనిపిస్తుంది. ఒకే అచ్చులో పోసిన ఫైళ్లు రెండో ప్రమాదం. మా మండలాల ఫైళ్లు నూటికి తొంభై వంతులు ఒకేలా ఉంటాయి. పేర్లు కూడా మార్చి ఉంటే ఒక మండలం రేట్లు మరో మండలం ఫైలులోకి చేరే అవకాశం ఉండేది. జరిపేటప్పుడు ఫైలు పేరు మార్చకపోవడం మా అదృష్టం. 2021లో 2.34 నుంచి గిట్‌లో స్థిరపడిన ఆర్ట్ అనే మెర్జ్ విధానం, ఫైలు పేరు అలాగే ఉంటే ముందు ఆ పేరుతోనే జత చూస్తుంది. డైరెక్టరీ, ఫైలు పేరు, లోపలి పాఠం, ఈ మూడింటినీ ఒకేసారి మార్చేవారిని మాత్రం ఏ సాధనమూ ఆదుకోలేదు. వేల ఫైళ్లు ఒక్కసారిగా కదిలితే మరో చిక్కు. పోల్చాల్సినవి పరిమితి దాటితే గిట్ పోలికల లెక్క మానేసి, ఒక హెచ్చరికతో సరిపెడుతుంది. పాఠం అక్షరం మారని ఫైళ్లను మాత్రం అప్పుడూ గుర్తుపడుతుంది.

ఇప్పుడు చాలామంది చెప్పే సలహా దగ్గరకు వస్తాను. "జరపడం ఒక కమిట్‌గా, దిద్దడం మరో కమిట్‌గా చేయండి" అంటారు. మంచి సలహా. సమీక్ష చేసేవారికి హాయి. ఏ వరుస ఎవరు రాశారో చూసుకోవడానికి, ఒక ఫైలు చరిత్రను పేరు మార్పుకు అవతలికి వెంటాడడానికి అది పనికొస్తుంది. కానీ అలా విడదీసినందువల్ల మెర్జ్ దానంతట అదే బాగుపడుతుందని నమ్మితే మోసపోతాం. మెర్జ్ మధ్యలో ఉన్న కమిట్‌లను చూడనే చూడదు. అది చూసేవి మూడే: రెండు బ్రాంచిలు విడిపోయిన చోటు, ఈ కొస, ఆ కొస. జరిపిన కమిట్‌లో పోలిక నూటికి నూరు ఉండవచ్చు. ఆ తర్వాత నెల రోజుల్లో ఆ ఫైళ్లను మెయిన్‌లో సగానికి పైగా తిరగరాసి ఉంటే, కొసల మధ్య పోలిక సగం కూడా ఉండదు. మీరు శ్రద్ధగా విడదీసిన కమిట్ మెర్జ్‌కు కనబడదు.

దానికి కనబడేలా చేయడానికి దారి ఉంది, అదీ కష్టమైనది కాదు. ఒకే గెంతులో కలపకుండా మూడు అంచెల్లో దాటించాలి. మొదట, జరపడానికి సరిగ్గా ముందున్న కమిట్ దాకా మెయిన్‌ను బ్రాంచిలోకి మెర్జ్ చేయాలి. అప్పుడు రెండు వైపులా పాత అమరికే ఉంటుంది. వచ్చే కాన్ఫ్లిక్టులన్నీ మామూలువి, ఆ బ్రాంచి రాసినవారికి చూడగానే అర్థమయ్యేవి. తర్వాత జరిపిన ఆ ఒక్క కమిట్‌ను మాత్రమే మెర్జ్ చేయాలి. ఇక్కడే ఉంది కీలకమంతా. ఇప్పుడు విడిపోయిన చోటు సరిగ్గా జరపడానికి ముందు కమిట్ అయింది. దానికీ జరిపిన కమిట్‌కూ మధ్య పాఠంలో అక్షరం తేడా లేదు. కాబట్టి గిట్ ఊహించాల్సిన పని లేదు. ప్రతి ఫైలుకూ జత అచ్చంగా దొరుకుతుంది. బ్రాంచిలో కొత్తగా పుట్టిన ఆత్రేయపురం లాంటి ఫైళ్లను ఈ మెర్జ్‌లోనే చేత్తోనో స్క్రిప్టుతోనో కొత్త చోటికి చేర్చాలి. చివరగా మెయిన్‌లో మిగిలిందంతా కలపాలి. అప్పటికి రెండు వైపులా కొత్త అమరికే ఉంటుంది, రీనేమ్‌ల ప్రసక్తే రాదు.

మూడు అంచెల్లో మొదటిదీ చివరిదీ బ్రాంచి యజమాని చేసుకోవచ్చు. నడిమిది మాత్రం అమరిక మార్చినవారి పని. ఏ కొత్త ఫైలు ఎటు పోవాలో చెప్పగలిగేది వారే. భీమవరంలో మిల్లు గుమ్మంలో ల్యాప్‌టాప్ పెట్టుకొని కూర్చున్న అమ్మాయి, కోనసీమ డైరెక్టరీ అంటూ ఒకటి పుట్టిందని మెర్జ్ చేసే రోజున తెలుసుకోవడం ఏమి న్యాయం? మన ఆఫీసుల్లో అమరిక మార్చే అధికారం సాధారణంగా పెద్దవారి చేతిలో ఉంటుంది. దాని బరువు మాత్రం కొత్తగా చేరినవారి మీద, దూరంగా ఉన్నవారి మీద పడుతుంది. మెర్జ్ పాడైతే చరిత్రలో కనిపించే పేరు కూడా వారిదే. దీన్ని సాంకేతిక సమస్యగా మాత్రమే చూడడం నాకు చేతకావడం లేదు.

దీనికి ఎదురుగా వినిపించే మాట ఒకటుంది. బ్రాంచిలన్నీ మూసేశాకే అమరిక ముట్టుకోవాలని. చదవడానికి బాగుంటుంది. మా పనిలో సార్వా (ఖరీఫ్ వరి) బ్రాంచి మూయకముందే దాళ్వా బ్రాంచి తెరుచుకుంటుంది. ఏ బ్రాంచీ తెరిచి లేని రోజు కోసం ఎదురుచూస్తే అమరిక ఎన్నటికీ మారదు. సీవీఎస్ కాలంలో జరిగింది అదే. అర్థం పోయిన పేర్లతో, ఎందుకున్నాయో తెలియని ఫోల్డర్లతో ఏళ్ల తరబడి కోడ్ ముడుచుకుపోయింది. కోడ్‌ను తిరిగి సర్దుకునే ధైర్యం మెర్జ్ మీద ఉన్న నమ్మకాన్ని బట్టే వస్తుంది. ఆ నమ్మకాన్ని సాధనం సగం ఇస్తుంది, మిగతా సగం మనుషులు ఇవ్వాలి. పైగా జిల్లాల గెజిట్ మా బ్రాంచిల కోసం ఆగుతుందా?

బ్రాంచిలు ఒకటి రెండు రోజులకు మించి బతకకూడదన్న మరో వాదన ఉంది. దానితో చాలావరకు ఏకీభవిస్తాను. అందరికీ సాధ్యం కాదంతే. కోతల్లో మిల్లు దగ్గర వాడుతూ సరిచూడాల్సిన మార్పులు కొన్ని వారాల పాటు విడిగా ఉండక తప్పదు.

ఆపడం కుదరనప్పుడు ముందుగా చెప్పడమైనా కుదురుతుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను దాళ్వా తర్వాత మరమ్మతుల కోసం కట్టేస్తారు. ఆ తేదీని ముందే ప్రకటిస్తారు కాబట్టి రైతు నారు వేసే రోజును దాన్ని బట్టి లెక్కేసుకుంటాడు. డైరెక్టరీల మార్పుకు తేదీ ప్రకటించడం కూడా అంత మామూలు పని కావాలి. మా సందర్భంలో ముసాయిదా జనవరిలోనే వచ్చింది. ఫలానా రోజున ఫలానా మండలాలు ఫలానా డైరెక్టరీకి వెళ్తాయని ఫిబ్రవరిలోనే ఒక పట్టిక తిరిగి ఉంటే, ఆత్రేయపురం ఫైలు పుట్టినప్పుడే దాని గమ్యం తెలిసి ఉండేది.

ఆ అనుభవం తర్వాత మా దగ్గర ఏమి మారిందో చెబుతాను. అమరిక మార్చాలంటే ముందు పట్టిక రావాలి. ఎడమవైపు పాతచోటు, కుడివైపు కొత్తచోటు, ఫైలు ఫైలుకూ. అది రిపాజిటరీలోనే ఉంటుంది. జరిపే స్క్రిప్టు ఆ పట్టికను చదివే పని చేస్తుంది. ఎవరూ చేత్తో జరపరు. ఆ స్క్రిప్టును ఏ బ్రాంచి మీద ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే ఉండాలి, పట్టికలో లేని ఫైలు పాతచోట కనబడితే ఆగిపోయి పేరు చెప్పాలి. తెరిచి ఉన్న బ్రాంచిల జాబితా తీసి, జరిపినవారే ఒక్కోదాని యజమాని పక్కన కూర్చొని, లేదా ఫోనులో మాట్లాడుతూ, నడిమి అంచె పూర్తి చేస్తారు. పనికి ఎన్ని రోజులు పడుతుందని అంచనా వేసేటప్పుడు ఈ దాటింపు కూడా అందులో కలిపి అడుగుతాం. కలపకుండా వేసిన అంచనా తప్పుడు అంచనా కిందే లెక్క.

రెండోది, కాపలా టెస్టు. ఏ మండలం ఏ డైరెక్టరీలో ఉండాలో ఒక పట్టికకూ, నిజంగా ఉన్నచోటుకూ పొంతన చూస్తుంది. కుదరకపోతే బిల్డ్ (కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్ తయారీ) ఆగుతుంది. మా పాత టెస్టులన్నీ బిల్లు మొత్తం సరిగా వచ్చిందా అని అడిగేవే. జిల్లా సరైనదా అని ఒక్కటీ అడగలేదు. కాన్ఫ్లిక్టు లేని మెర్జ్‌కు ఉన్న అర్థం ఒక్కటే: రెండు వైపుల మార్పులు ఒకే వరుస మీద పడలేదు. కలిపిన కోడ్ సరైనదని అది ఎన్నడూ హామీ ఇవ్వలేదు, మనమే ఆ హామీని దానికి అంటగట్టాం. ఈ టెస్టును జరిపిన రోజునే చేర్చాలి. ఆ రోజుకు ముందు విడిపోయిన ఆఖరి బ్రాంచి మూతపడేదాకా దాన్ని తీయకూడదు.

మూడోది, పాత పేరును కొత్త అర్థంతో వాడకపోవడం. ఇప్పుడు మా డైరెక్టరీల పేర్లలో అమరిక మారిన సంవత్సరం కూడా ఉంటుంది. తూర్పు గోదావరి అన్న పాత డైరెక్టరీ మాయమైపోతుంది, 2022 తగిలించిన కొత్తది పుడుతుంది. చూడడానికి అంత ముచ్చటగా ఉండదని కొందరు గొణిగారు. నిజమే. కానీ పాత పేరు పూర్తిగా పోతేనే గిట్ డైరెక్టరీ మార్పు గురించి ఆలోచిస్తుంది. అందులోని ఫైళ్లు మూడు చోట్లకు చీలిపోయి, ఏ చోటికీ ఎక్కువ వెళ్లకపోతే, చీలికను తేల్చుకోలేకపోతున్నానని కాన్ఫ్లిక్టుగా చెబుతుంది. ఎక్కువ ఒక చోటికే వెళ్తే అటు పంపనా అని అడుగుతుంది. రెండింట్లో ఏదైనా నాకు సంతోషమే, మౌనంగా ఉండిపోవడం కంటే.

ఇంకొక్కటి మిగిలింది. కోడ్ హోస్టింగ్ సైట్లలో మెర్జ్ బటన్ పక్కన స్క్వాష్ అనే వీలుంటుంది. బ్రాంచిలోని కమిట్‌లన్నిటినీ ఒక్కటిగా నలిపి మెయిన్‌లో పెడుతుంది. మిగతా పనులకు వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. డైరెక్టరీలు మార్చిన పనికి మాత్రం వాడకండి. అక్షరం మార్చకుండా జరిపిన కమిట్, దాని తర్వాత ఇంపోర్ట్‌లు దిద్దిన కమిట్ కలిసిపోయి ఒకటవుతాయి. ఇక బ్రాంచిలవారు ఆగి మెర్జ్ చేసుకోవడానికి ఆ నడిమి మెట్టు మెయిన్‌లో ఉండదు. జరిపిన కమిట్‌ను విడిగా మెయిన్‌లోకి తీసుకెళ్లండి, దానికి ముందు కమిట్‌కు ఒక ట్యాగ్ (గుర్తు పేరు), దానికి ఒక ట్యాగ్ పెట్టండి, ఆ రెండు ట్యాగుల పేర్లు ప్రతి బ్రాంచి యజమానికీ అదే రోజు పంపండి.